పేనుబంక: మందుకు ముందు చూడవలసినవి
(చింతామణి సభలో చేసిన ప్రసంగము)



మేము వ్యవసాయశాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. అయినను చేనికి పురుగు పట్టగానే రైతు మొదట వచ్చునది మా అంగళ్లకే గనుక, ఈ నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచితిమి.

చలికాలమున రాగిచేల సాళ్లలోని అనప పూతకు రాగానే లేతకొమ్మలను, పూగుత్తులను నల్లని పేనుబంక క్రమ్ముకొనును. బాగేపల్లి వైపు వేరుశనగకును ఇదియే పీడ. చిక్కబళ్లాపురపు గులాబీ మొగ్గలపైనిది వేరొక జాతి. మనము పేను అనునది కన్నడిగులకు హేను. మాటయు నొకటే, బాధయు నొకటే. ఈ పురుగు రసము పీల్చి తీపిజిగురు విడుచును. దానిపై మసివంటి బూజు పట్టును. ఆకు ముడుచుకొనును, కాయ గిడసబారును. మగదానితో పనిలేకయే ఆడపురుగు పిల్లలను పెట్టును. అవి వారము పదిదినములలో తల్లులగును.

అట్లని పరుగున వచ్చి ఘాటైన మందు అడుగుట తగదు. ఒకప్పుడు మేమును అడిగినవారికెల్ల నిచ్చితిమి. అట్టి మందు గాలికి ప్రక్కనున్న మల్బరీతోటపై బడగా, ఆ యాకు మేసిన పట్టుపురుగులు చచ్చినవి. ఆ యింటివారు మమ్ము నిందింపలేదు. చచ్చిన పురుగులను తట్టలో తెచ్చి చూపిరి. నాటినుండి ముందు ప్రశ్న వేసి, తరువాతనే డబ్బా తీయుచున్నాము.

చీమలు కొమ్మ నెక్కుచున్నవా? తీపికై అవి పేనుబంకకు కాపుగాయును. పెరటిచెట్టు మొదట జిడ్డు పూసిన గుడ్డ చుట్టి వాటి దారి తెంపుడు. అక్షింతల పురుగులును, మొసలిని బోలిన వాటి పిల్లలును ఉన్నవా? అవి పేనుబంకను తినును; వాటికి గడువిండు. యూరియా మితిమీరినదా? లేతచిగురు పెరిగినకొలది పేనుబంకయు పెరుగును.

గులాబీలకు నీటిని వేగముగా కొట్టినను చాలవరకు రాలిపోవును. చేనికి 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రి నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీటికి పెంచి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున ఆకుల అడుగున తగులునట్లు చల్లుడు. వేపయు పట్టుపురుగునకు హానియే. గాలి మల్బరీవైపు వీచునపుడు అదియు వలదు.

అప్పటికిని తగ్గనిచో మందు కొనుడు. డబ్బాపైనున్న భాష రానిచో చదివించుకొనుడు. అడుగుట చిన్నతనము గాదు. ఎఱ్ఱని త్రికోణము మిక్కిలి విషమునకు గుర్తు.

ఒక డబ్బా తక్కువ అమ్మినను మా అంగడి నిలుచును. పొరుగువాని పట్టుపంట పోయినచో ఆ యేడు ఆ యిల్లు నిలువదు. ఇంతటితో విరమింతుము.