నా పుట్టినరోజే తప్పంటోంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలు ఇచ్చారు. గంట కొట్టడంలో మన సార్లు ఎంత కచ్చితమో ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను హైదరాబాదులో వెబ్‌సైట్లను పరీక్షించే పని చేస్తాను. ఊరికి వచ్చినప్పుడల్లా "ఇంతకీ నీ పనేందిరా?" అని అడుగుతారు. వేరేవాళ్లు కట్టిన ఇంట్లో తలుపులన్నీ తీసి, వేసి చూసే పని అని చెప్తుంటాను. మన సంఘం త్వరలో సొంత వెబ్‌సైట్ పెట్టబోతోంది. అందుకని ఆ పనిలో ఒక్క ముక్క గురించి మాట్లాడతాను. మన కంప్యూటర్లో లేని, పెట్టుకుందామన్నా ఎక్కని బ్రౌజర్లో మన సైట్ ఎలా కనిపిస్తుందో ముందే చూసుకోవడం ఎట్లా అన్నదే ఆ ముక్క.

తెలుగువాళ్లకు ఇది పాత బాధే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో మన పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు దానంతటదే దిగే ఏర్పాటు విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే సరిపోయేది. లైనక్స్ మీద ఫైర్‌ఫాక్స్ వాడేవాడికి వార్తల బదులు చీమలబారు కనిపించేది. ఆ రోజుల్లో వెన్న నాగార్జున గారు 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక పొడిగింత తయారుచేశారు. అది పత్రికల ఫాంటు రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అమెరికాలో కూర్చుని ఊరి వార్తలు చదువుకున్న మన బ్యాచ్ వాళ్లు కొందరికి అది గుర్తుండే ఉంటుంది. చిన్న ఫోన్లలో ఒపేరా మినీ వాడినవాళ్లూ ఉన్నారు. అడ్రసు గడిలో 'ఒపేరా కాన్ఫిగ్' అని కొట్టి ఒక సెట్టింగు మారిస్తే గానీ అందులో డబ్బాలు పోయి తెలుగు వచ్చేది కాదు. ఆ కిటుకు ఒకరి నుంచి ఒకరికి వైద్యం చిట్కాలా పాకింది.

ఇప్పుడు యూనికోడ్ వచ్చింది కదా, ఇంకేం బాధ అంటారా? మొన్నమొన్నటి సంగతే చెప్తాను. మా బంధువులమ్మాయి ఒక కోర్సుకు దరఖాస్తు పెడుతోంది. ఆఖరి రోజు. చేతిలో వాళ్లన్న వాడి ఇచ్చిన పాత ఐఫోన్. పేరు తీసుకుంది, ఊరు తీసుకుంది, పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయింది. నాకు ఫోన్ చేసి, "బాబాయ్, నా పుట్టినరోజే తప్పంటోంది" అంది. క్రోమ్‌లో చూడమ్మా అంటే, అదీ చూశాను బాబాయ్, అందులోనూ అంతే అంది. పదో తరగతి మెమో తీసి, తేదీ తనే సరిగ్గా రాస్తోందా లేదా అని మూడుసార్లు సరిచూసుకుందట. చివరికి కోదాడ నెట్ సెంటర్‌కు ఉరికింది. అక్కడ విండోస్ కంప్యూటర్లో ఒక్క నిమిషంలో అయిపోయింది. గడువు ఇంకో గంట ఉందనగా!

తప్పు ఆ పిల్లది కాదు. తేదీని ఒక పద్ధతిలో రాస్తే క్రోమ్ అర్థం చేసుకుంటుంది, అదే రాతను సఫారీ "ఇది తేదీయే కాదు" అంటుంది. మరి ఫోన్లో క్రోమ్‌లో కూడా ఎందుకు కాలేదు? ఆపిల్ నియమం ప్రకారం మన దేశంలో ఐఫోన్‌లోని బ్రౌజర్లన్నీ సఫారీ ఇంజనైన వెబ్‌కిట్ మీదనే నడవాలి. అంటే ఐఫోన్‌లో క్రోమ్ పైకి క్రోమ్, లోపల సఫారీ. ఆ సైట్ కట్టినవాళ్ల దగ్గర ఉన్నవన్నీ విండోస్ కంప్యూటర్లే అయి ఉంటాయి. విండోస్‌కు సఫారీ లేదు. 2007లో ఆపిల్ ఇచ్చింది గానీ 2012 తర్వాత కొత్తది రాలేదు. అట్లాగే మైక్రోసాఫ్ట్ వాళ్లు ఒకప్పుడు మాక్‌కు ఇచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2003లో ఆపేశారు. ఎవరి దొడ్డి వాళ్లు కట్టుకున్నారు, మధ్యలో తిరిగేది మనం.

పరీక్షకు చాలామంది చేసేది ఒకటుంది. కంప్యూటర్లోని క్రోమ్‌లోనే ఒక మీట నొక్కి 'ఐఫోన్' అని ఎంచుకుంటారు. తెర చిన్నదవుతుంది, పేరు కూడా ఐఫోన్ అని చెప్పుకుంటుంది. లోపల ఉన్నది క్రోమే. పగటివేషగాడు పోలీసు టోపీ పెట్టుకుని వచ్చినట్టు. కొలతలు చూడటానికి పనికొస్తుంది, తేదీ పట్టుకోవడానికి పనికిరాదు.

మరి దారేది? విండోస్ కావాలంటే ఏ కంప్యూటర్లోనైనా వర్చువల్ మెషిన్‌గా, అంటే కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్‌గా పెట్టుకోవచ్చు. మాక్‌కు అట్లా కుదరదు, ఆపిల్ యంత్రం మీదనే నడపాలని దాని లైసెన్సు. పైసలు పెట్టగలిగితే బ్రౌజర్‌స్టాక్ లాంటి సేవలున్నాయి. 2011లో మనవాళ్లు ఇద్దరు, ఐఐటీ బొంబాయిలో చదివిన రితేష్ అరోరా, నకుల్ అగర్వాల్ మొదలుపెట్టిన కంపెనీ అది. ఎక్కడో ఉన్న అసలు ఫోన్‌ను మన తెర మీదికి తెస్తుంది. పైసలు లేకపోతే ఇంకో దారి. వెబ్‌కిట్ పుట్టింది కేడీఈ అనే లైనక్స్ జట్టు రాసిన కేహెచ్‌టీఎంఎల్ నుంచి. అందువల్ల లైనక్స్‌లో గ్నోమ్ వెబ్ అనే బ్రౌజర్‌లో ఇప్పటికీ వెబ్‌కిటే ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరైట్ అయితే విండోస్ మీద కూడా వెబ్‌కిట్‌ను నడుపుతుంది. రెండూ ఉచితం. తేదీ లాంటి తప్పులు వీటిలో చాలావరకు దొరుకుతాయి.

తెలుగు అక్షరాల తప్పులు మాత్రం వీటికి చిక్కకపోవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లు ఒత్తులు కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే పనిముట్టు వాడతాయి, సఫారీ ఆపిల్ సొంత పనిముట్టు వాడుతుంది. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో వస్తే, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరానికి భయపడింది! కొన్ని రోజుల్లోనే 11.2.6 అని కొత్త కూర్పు ఇచ్చి సరిచేశారు. మన తెలుగు సార్ ఆ అక్షరం నేర్పడానికి మాకు ఎన్ని గుంజీళ్లు తీయించారో, ఆ కంపెనీ ఇంజనీర్లకు కూడా అంతే శ్రమ అయి ఉంటుంది.

ఫాంట్లు కూడా వేరువేరు. విండోస్‌లో గౌతమి, నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, మాక్‌లో ఇంకోటి. ఒకదానిలో చక్కగా కూర్చున్న 'సమర్పించండి' అన్న బటన్, ఇంకోదానిలో కింది ప ఒత్తు తెగిపోయి కనిపిస్తుంది. ఇంగ్లీషు చూసి బటన్ ఎత్తు కొలిచేవాళ్లకు ఒత్తుల సంగతి తట్టదు. ఇది అసలు ఫోన్‌లో కంటితో చూస్తేనే తెలుస్తుంది. శివరాత్రి జాతరకు బండలాగుడు ఎడ్లను తెచ్చే రైతు ఇంటి దొడ్లో లాగిందని ఊరుకుంటాడా? పోటీ జరిగే నేల చూసుకుంటాడు.

ఇక మన సైట్ సంగతి. ఇందులో చూడబోయేది ఎవరు? అమెరికాలో కొత్త ఐఫోన్ ఉన్న తమ్ముడూ చూస్తాడు, విండోస్ 7 కంప్యూటర్‌ను ఇంకా జాగ్రత్తగా వాడుకుంటున్న రిటైరైన సార్ కూడా చూస్తారు. క్రోమ్ 2023లోనే విండోస్ 7కు కొత్త కూర్పులు ఆపేసింది, 109 దగ్గర నిలిచిపోయింది. సార్‌ను కొత్త కంప్యూటర్ కొనుక్కోమని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆయన తెరలో మన పేర్లు కనిపించేట్టు సైట్‌నే కడదాం. అన్ని బ్రౌజర్లలో అచ్చం ఒకేలా ఉండనక్కరలేదు. పేర్లు చదవగలగాలి, ఫోటోలు తెరుచుకోవాలి, విరాళం పంపే బటన్ పనిచేయాలి.

కమిటీ వాళ్లకు నా విన్నపం: సైట్ ప్రారంభించే ముందు నాకు రెండు వారాలు ఇవ్వండి. మిగతా మీ అందరికీ ఒక పని. భోజనాల దగ్గర బల్ల మీద ఒక రిజిస్టర్ పెట్టాను. మీ ఫోన్ ఏది, ఏ సంవత్సరంలో కొన్నది, ఇంట్లో కంప్యూటర్ ఉంటే అది ఏది, అంతవరకు రాయండి. పాత ఫోన్ ఉన్నవాళ్లు సిగ్గుపడొద్దు, నాకు ముందు కావాల్సింది వాళ్లే. పగిలిన తెరైనా పర్వాలేదు.