చీకటి రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నారా? బాక్స్ మీద ల్యూమెన్స్ చూసి లైట్ కొనకండి

ఈరోజు టాపిక్ సైకిల్ లైట్లు. వీధిదీపాలు లేని రోడ్డు మీద రాత్రి వెళ్లాలంటే ఎలాంటి లైట్ కొనాలో చూద్దాం.

ముందు నాకు జరిగింది చెప్తా. రెండేళ్ల క్రితం, వరికోతల టైమ్. రాత్రి ఎనిమిదింటికి సైకిల్ మీద మా ఊరికి వస్తున్నా. హ్యాండిల్‌కి మూడొందల రూపాయల లైట్. బాక్స్ మీద 1000 ల్యూమెన్స్ అని రాసుంది. మా వైపు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు కదా. రాత్రికి కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. ఆ రాయి నాకు కనిపించింది. కానీ నాలుగు మీటర్ల దూరంలో కనిపించింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు ఒంటి చేత్తో కోడింగ్ చేశా.

ఆ రైతుని తిట్టుకోవచ్చు. కానీ ఆయనకి ఆరబోసుకోవడానికి వేరే జాగా లేదు. నేను లెక్క చూసుకోకుండా లైట్ కొన్నా, అది నా తప్పు.

ఆ లెక్క ఏంటో చూడండి. గంటకు 25 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. కన్ను చూసి, చెయ్యి బ్రేక్ పట్టేలోపే సుమారు 10 మీటర్లు వెళ్లిపోతాం. బ్రేక్ పట్టాక ఆగడానికి ఇంకో 6, 7 మీటర్లు. అంటే కనీసం 20 మీటర్ల ముందున్నది కనిపించాలి. ఇసుక, గుంతలు ఉంటే 30.

ఇప్పుడు ల్యూమెన్, లక్స్ తేడా. మోటార్ నుంచి మొత్తం ఎన్ని నీళ్లు వచ్చాయి అన్నది ల్యూమెన్. మీ మడికి ఎన్ని చేరాయి అన్నది లక్స్. వెలుగంతా చెట్ల మీదికి పోతే ఎన్ని ల్యూమెన్స్ ఉన్నా దండగే. పైగా దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది.

బాక్స్ మీద అబద్ధాన్ని పట్టుకోవడం ఈజీ. 2000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.7 వోల్టులతో గుణిస్తే 7.4 వాట్-అవర్స్. లైట్‌లో ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్స్ వస్తాయనుకోండి. 1000 ల్యూమెన్స్‌కి 10 వాట్లు కావాలి. అంటే ముప్పావు గంటలో బ్యాటరీ ఖాళీ. అదే బాక్స్ మీద "1000 ల్యూమెన్స్, 8 గంటలు" అని ఉంటే పక్కన పెట్టేయండి. 18650 సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉన్నా అంతే. మంచి సెల్ కూడా మామూలుగా 3500 దగ్గరే ఆగుతుంది.

మరి ఏది కొనాలి? పూర్తి చీకటి రోడ్డుకి నిజమైన 500 నుంచి 800 ల్యూమెన్స్ చాలు. బీమ్ పైభాగం కట్ అయ్యి, వెలుగు రోడ్డు మీదే పడేది దొరికితే బెస్ట్. జర్మనీలో సైకిల్ లైట్లకి రూలే అది, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదు. మామూలు గుండ్రటి బీమ్ అయితే కొంచెం కిందికి వంచండి. వానకి కనీసం ఐపీఎక్స్4 చూడండి. ముందు లైట్‌ని బ్లింక్‌లో పెట్టకండి, చీకట్లో మీకు రోడ్డూ సరిగ్గా కనపడదు, ఎదుటివాళ్లకి మీ దూరమూ తెలియదు.

"ఫోన్ టార్చ్ సరిపోదా బ్రో?" అని అడుగుతారు. సరిపోదు. దాని వెలుగు చుట్టూ చెదిరిపోతుంది, దూరం వెళ్లదు.

కొన్నాక ఒక టెస్ట్ చేయండి. చీకటి రోడ్డు మీద, బండ్లు రాని చోట, నల్ల బ్యాగ్ ఒకటి పెట్టండి. ముప్పై అడుగులు వెనక్కి నడిచి లైట్ వేయండి. బ్యాగ్ క్లియర్‌గా కనిపించకపోతే లైట్ రిటర్న్ ఇచ్చేయండి.

చివరగా, వెనక ఎర్ర లైట్, రిఫ్లెక్టర్ మర్చిపోకండి. మా నాన్న తెల్లవారకముందే సైకిల్ మీద పొలానికి వెళ్తారు. ఒక సెట్ తీసుకెళ్లి ఇస్తే, "కళ్లు మూసుకున్నా నాకు ఈ రోడ్డు తెలుసురా" అన్నారు. "రోడ్డు నీకు తెలుసు నాన్నా, నువ్వున్నావని వెనకొచ్చే లారీకి తెలియాలి కదా" అన్నా. ఏం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూస్తే సైకిల్ వెనక ఎర్ర లైట్ వెలుగుతోంది.

మీ ఇంట్లో కూడా అలా చీకట్లో సైకిల్ మీద వెళ్లేవాళ్లుంటే ఈ వీడియో వాళ్లకి చూపించండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్తగా తొక్కండి.