ప్లాస్టరింగ్ కాకముందే

ఇల్లు కట్టుకుంటున్నారా? గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే నెట్‌వర్క్ కేబుల్‌కు కరెంటు వైర్లతో కలవని వేరే పైపు వేయించండి. టీవీ వెనక రెండు క్యాట్6 కేబుళ్లు, హాలు సీలింగ్‌లో పెట్టే వైఫై పెట్టెకు ఒకటి, గేటు కెమెరాకు ఒకటి. ఒక్కో కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

మన స్లాబులు, ఇటుక గోడలు 5 గిగాహెర్ట్జ్ వైఫైని బాగా మింగేస్తాయి. హాల్లో హాయిగా ఆడే 4కే సినిమా పడగ్గదిలో ఆగాగి వచ్చేది అందుకే. దానికోసం ఇంటర్నెట్ ప్లాన్ పెంచడం శుద్ధ దండగ. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, వేగం తక్కువ. స్మార్ట్ బల్బులకు అది చాలు.

ఈ కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ కొనేటప్పుడు పీఓఈ ఉన్నదే అడగండి. కెమెరాకు, వైఫై పెట్టెకు కరెంటు కూడా అదే కేబుల్‌లో అందుతుంది. స్విచ్‌కు యూపీఎస్ పెడితే కరెంటు పోయినా కెమెరా ఆగదు. ఒకే వీడియోను నాలుగు గదుల టీవీలకు నెట్‌వర్క్ మీద మల్టీకాస్ట్‌గా పంపాలంటే ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ తీసుకుని, ఆ స్నూపింగ్‌ను ఆన్ చేయించాలి. లేదంటే ఆ వీడియో అడగని పోర్టులన్నిటికీ పోయి, ఇల్లంతా నెట్ నత్తనడక నడుస్తుంది.

రూటర్ పాస్‌వర్డ్‌ను మాత్రం, అమర్చినవాళ్లు గడప దాటగానే మీరే మార్చేయండి. కెమెరాలు, బల్బులు గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉండాలి. బ్యాంకు పనులు చేసుకునే ఫోను అందులో ఉండకూడదు.