వేలిముద్ర వేసే ముందు

అక్కలారా, చెల్లెళ్ళారా, అవ్వలారా!

ఒక ఊళ్ళో ఒక అవ్వ ఉంది. పెనిమిటి చనిపోయాడు. కూలికి పోయి, పాలమ్మి, ఎకరం భూమి కొనుక్కుంది. పట్టా ఆమె పేరు మీదే ఉంది. ఒకనాడు కొడుకు వచ్చాడు. "వీలునామా రాయించానమ్మా. నీ తర్వాతే భూమి నాకు. ఆఫీసుకు వచ్చి వేలిముద్ర వెయ్యి" అన్నాడు. అవ్వకు చదువు రాదు. నమ్మింది. వేసింది.

ఆరు నెలలకు కొడుకు భూమి అమ్మేశాడు. "నా భూమి నువ్వెట్లా అమ్ముతావురా?" అని అడిగింది అవ్వ. "నువ్వు రాసిచ్చావు కదా!" అన్నాడు.

ఆ కాగితం వీలునామా కాదు. దాన దస్తావేజు.

రెండింటికీ తేడా ఏమిటి? వీలునామా మనిషి పోయాకే అమలవుతుంది. బతికినన్నాళ్ళూ ఆస్తి ఆమెదే. మనసు మారితే ఇంకో వీలునామా రాయొచ్చు. దానం అట్లా కాదు. రిజిస్ట్రీ కాగానే ఆస్తి చెయ్యి దాటిపోతుంది.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. 18 ఏళ్ళు నిండాలి. మతి స్థిమితంగా ఉండాలి. ఏ ఆస్తి ఎవరికో సర్వే నంబరుతో సహా రాయించాలి. కింద సంతకం గానీ, వేలిముద్ర గానీ వెయ్యాలి. అది చూసిన ఇద్దరు సాక్షులు ఆమె ఎదుటే సంతకాలు చెయ్యాలి. ఆస్తి అందేవాళ్ళను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రీ తప్పనిసరి కాదు. చేయిస్తే మాత్రం రేపు తగాదాలో పనికొస్తుంది. ముస్లిం కుటుంబాల్లో మామూలుగా మూడో వంతు ఆస్తికే వీలునామా చెల్లుతుంది.

వీలునామా రాయకుండా భర్త పోతే? హిందూ కుటుంబాల్లో ఆయన ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, ఆయన తల్లికి సమానంగా వస్తుంది. ఇది 1956 నాటి చట్టం. "పెళ్ళయిన కూతురికి ఏముంది?" అనేది ఊరి మాట. చట్టం మాట కాదు.

మంచాన పడితే బ్యాంకు పనికీ, భూమి పనికీ ఇంకొకరికి అధికారం ఇవ్వొచ్చు. దాన్ని పవరాఫ్ అటార్నీ అంటారు. ఏ పనికో ఆ పని పేరే రాయించాలి. అన్ని పనులకూ కలిపి ఇవ్వకూడదు. మనిషికి మతి తప్పితే ఆ కాగితం చెల్లదు. అందుకే తెలివిలో ఉన్నప్పుడే వీలునామా రాసుకోవాలి.

బిడ్డలకు దానమే ఇవ్వాలనిపిస్తే? "నన్ను చివరిదాకా పోషించాలి" అన్న షరతు ఆ కాగితంలోనే రాయించాలి. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. షరతు పెట్టి ఆస్తి ఇచ్చాక బిడ్డలు చూడకపోతే, 60 ఏళ్ళు నిండినవాళ్ళు ఆ దానాన్ని రద్దు చెయ్యమని అడగొచ్చు. ఆర్.డి.ఓ. గారి దగ్గర అర్జీ పెట్టుకోవాలి. తిండికీ, మందులకూ నెలనెలా డబ్బు ఇప్పించమని కూడా అడగొచ్చు. ఆస్తి ఇచ్చినా ఇవ్వకపోయినా అమ్మను పోషించడం బిడ్డల బాధ్యత. కొడుకుకే కాదు, కూతురికీ ఆ బాధ్యత ఉంది.

వకీలుకు డబ్బు లేదని ఆగొద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ ఆఫీసులో అడగాలి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

అక్కలారా! ఎవరైనా కాగితం చేతికిచ్చి తొందర పెడతారు. కంగారు పడొద్దు. మొదట పైన రాసిన పేరు కూడబలుక్కుని చదవండి. "దానం" అని ఉందా? "వీలునామా" అని ఉందా? "విక్రయం" అని ఉందా? మిగతాది నమ్మకమైన ఇద్దరితో చదివించుకుని వినండి. "ఆడదానికి ఇవన్నీ ఎందుకు?" అంటే ఒక్క మాట చెప్పండి:

"చదివాకే వేలు పెడతాను."