సురభి నాటక సమాజములు



మా మంగంపేట పేరు చెప్పగానే ఎల్లరకును ముగ్గురాయి గనులు జ్ఞప్తికి వచ్చును. ఈ రాయి పొడియై, ఓడలకెక్కి, చమురుబావులు త్రవ్వు దేశములకు పోవుచున్నది. కడప సీమనుండి వెలికి పోయినది రాయి మాత్రమే కాదు. పాటయు, పద్యమును, రంగు పూసిన మొగములును ఇచ్చటినుండియే బండ్లకెక్కి తెలుగుదేశమంతయు తిరిగినవి. ఆ సురభివారి కథను నేడు మనవి చేసెదను.

చక్రాయపేట మండలమున సురభి యను పల్లె కలదు. పూర్వము దానిని సొరుగు అనెడివారు. 1885వ సంవత్సరమున అచ్చట నొక వివాహ సందర్భమున వనారస గోవిందరావుగారును వారి బంధువులును కీచకవధ నాటకము నాడిరి. వీరు ఆరె మరాఠీలు. తరముల క్రిందట మహారాష్ట్రమునుండి దక్షిణమునకు దిగివచ్చినవారి సంతతి. వీరి పెద్దల వృత్తి తోలుబొమ్మలాట. దీపము ముందు బొమ్మను తెరకానించి ఆడించువారు, ఆనాడు తెరకు ముందుకు వచ్చి బొమ్మలకు మారుగా తామే నిలిచిరి. పిదప గోవిందరావుగారు శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటక సభయను పేర సమాజమును స్థాపించిరి. అంత పొడుగు పేరు జనుల నోట నిలువలేదు. ఊరి పేరే సమాజమునకు పేరైనది.

ఆ కాలమున నాటకమనునది మనకు క్రొత్త. 1880లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున నాటకము లాడించిరి. 1886లో మనకు పొరుగైన బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభను నెలకొల్పిరి. ఆచార్యులుగారు వకీలు. అట్టి సభలలో చేరినవారు పెక్కురు పగలు తమ పని చూచుకొని, రాత్రి వేషము కట్టెడివారు. నాటకము చెడిపోయినను వారి యింట పొయ్యి వెలుగును. సురభివారికి నాటకమే సేద్యము. రాత్రి జనము రాకున్న తెల్లవారి పిల్లలకు గంజి లేదు. ఈ భేదమును గమనింపనివారికి వీరి చరిత్ర అర్థము కాదని నా అభిప్రాయము.

మరియొక విశేషము. నాటి పట్టణపు సభలలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. తరువాతి కాలమున స్థానము నరసింహారావుగారు సత్యభామ వేషముననే అఖండ కీర్తి గడించి, 1956లో పద్మశ్రీ బిరుదమందిరి. సురభివారి యాటలో మాత్రము ద్రౌపదియైన సీతయైన ఆ యింటి ఆడపడుచే. దీనిని సంఘసంస్కారమని కొందరు పొగడుదురు. నాకట్లు తోచదు. బొమ్మలాటలో స్త్రీలు తరతరములుగా తెర వెనుక పాడుచు, బొమ్మలకు గొంతు నిచ్చుచునే యుండిరి. ఇంటిల్లిపాదియు పనిచేసిన గాని సాగని వృత్తి యది. తెర తొలగినప్పుడు వారును కనబడిరి, అంతియే. అయినను నలుగురిలో స్త్రీ రంగమెక్కుట తప్పుగా నెంచిన ఆ దినములలో, వారు తలదించుకొనక నిలిచిరనుట సామాన్యమైన మాట కాదు.

పాశ్చాత్య దేశములలో నలుగురు యువకులు చేరి, వాద్యములు కొని, పాటల మేళము కట్టుదురు. పేరు వచ్చుటయు, వాటాల తగవు వచ్చుటయు ఒక్కమారే జరుగును. పిమ్మట తలకొక దారి. సురభియు చీలినది గాని తగవుచేత కాదు, సంతతిచేత. బిడ్డలు పెరిగి, పెండ్లిండ్లయి, ఇల్లు చాలనప్పుడు ఒక శాఖ వేరు సమాజముగా బయలుదేరెడిది. ఉచ్ఛదశలో ఇట్టి సమాజములు పదికి మించి ఏకకాలమున తెలుగునాట తిరుగుచుండెడివి. ఒక్కొక్కటి యొక చిన్న ఊరు. వంట, తెరలకు రంగులు, పురుళ్లు, చదువులు అన్నియు డేరాలోనే. నెలల పసికందు కూడ బాలకృష్ణుడై రంగమెక్కును. నడక వచ్చునప్పటికి ప్రహ్లాదుని మాటలు నోటికి వచ్చును. చెవిలో పడిన పద్యమే వారి ఓనమాలు.

వీరి యాట చూచినవారు మరువలేనిది మాయాబజారు. ఘటోత్కచుడు నోరు తెరచిన లడ్డూలు గాలిలో ఎగిరి వచ్చి నోట పడును. నారదుడు మేఘములనుండి దిగును. రంగముమీదనే అగ్ని మండును, వాన కురియును. ఇందులో యంత్రములు లేవు. సన్నని తీగలు, కప్పీలు, పెద్ద పెద్ద చిత్రపు తెరలు, ప్రక్కన హార్మోనియము తబలాలు, చీకటిలో తీగ పట్టుకొని నిలిచిన యొక మనుష్యుడు. ఆ మనుష్యుడు రెప్పపాటు ఆలసించిన లడ్డూ ముక్కునకు తగులును. తోలుబొమ్మ సూత్రమును పట్టిన చేయియే ఈ తీగను పట్టినదని నేను తలచుచుందును. పాతాళభైరవి, బాలనాగమ్మ, శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామివారి చరిత్రము కూడ వీరికి జనాదరణ తెచ్చినవే. బ్రహ్మంగారి కథకు మన సీమలో వేరుగ ప్రశంస ఏల? కందిమల్లాయపల్లె మనది గదా.

1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద వెలువడినది. అది సురభివారు రంగమున ఆడుచుండిన కథయే. అందు లీలావతిగా నటించిన కమలాబాయిగారు సురభి బిడ్డయే. తెలుగు టాకీలకు తొలి కథానాయికను ఇచ్చినది ఈ డేరాయే. ఆ టాకీయే డేరాకు పోటీయై పోయినది. పట్టణములలో తెర వెలిగినకొలది పల్లెలలో డేరా చిన్నదైనది. తరువాత ఇంటింట దూరదర్శన పేటికలు వచ్చినవి. సమాజములు ఒక్కటొక్కటిగా మూతబడి, తుదకు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. పెక్కు కుటుంబములు హైదరాబాదు చెంత లింగంపల్లిలో స్థిరపడినవి. ఆ వాడకు సురభి కాలనీ అని పేరు.

తిరుగుట మానిన వారికి క్రొత్త దారియు దొరకినది. 1996లో కన్నడదేశపు ప్రసిద్ధ ప్రయోక్త బి.వి. కారంతుగారు వీరితో కలసి పనిచేసి, భీష్మ మొదలగు నాటకములను సిద్ధము చేయించిరి. జర్మను కవి బ్రెక్టు నాటకము బస్తీ దేవత యాదమ్మయై వీరి నోట తెలుగు పలికినది. 2013లో ఫ్రాన్సు దేశమునకు పోయి ఆడి వచ్చిరి. ఆ సంవత్సరమే శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి, అనగా బాబ్జీగారికి, పద్మశ్రీ లభించినది. వారు 2022లో పరమపదించిరి.

ఇక పిల్లల మాట. నేను బడిపంతులుగా పనిచేసినవాడను. డేరాలవారి బిడ్డలు బడికి వచ్చినచో హాజరుపట్టీలో పేరు వ్రాసెదము. సమాజము కదలగనే పేరు కొట్టివేసెదము. తిరిగి వచ్చువరకు ఎక్కములు మరచియుందురు గాని, పద్యము చదువుమన్న తరగతి అంతయు నిశ్శబ్దమగును. ఆ బిడ్డలు చదివి ఉద్యోగములలో చేరవలెనని కోరుట మా ధర్మము. వారు చేరుచునే యున్నారు. పగలు కార్యాలయమున పనిచేసి, రాత్రి కిరీటము పెట్టుకొనువారు నేడు సురభిలో కలరు. ఆనాటి బళ్లారి వకీళ్లవలెనే వీరికిని ఇపుడు నాటకము లేకున్నను పొయ్యి వెలుగును. ఆకలి పట్టి నిలిపిన విద్యను ఆకలి తీరినవారు ఎంతకాలము పట్టుకొందురో వారి బిడ్డలే చెప్పవలెను. ప్రస్తుతము తీగ పట్టువారు ఇంకను ఆ యింటివారే.