వానదారిలో సైకిలు యాత్ర: పంట్లాము ఎంపిక



చిలకలూరిపేటకు ఉత్తరమున, నరసరావుపేటకు తూర్పున ఉన్న నాదెండ్ల మా ఊరు. తొలకరి పడినదనగానే ఇచ్చట రెండు విధములైన ఉత్సాహములు బయలుదేరును. ఒకటి పత్తివిత్తునకు చేను సిద్ధపరచుకొను రైతుది. రెండవది, ఎండలు తగ్గినవి గదా యని సైకిలునకు సంచులు కట్టుకొని, నరసరావుపేట, పిడుగురాళ్ళ, గురజాల, మాచర్లల మీదుగా నాగార్జునసాగరము వరకు పోవలెనని ఉవ్విళ్ళూరు మావంటి వారిది. దారి నూరు కిలోమీటర్లకు పైమాటయే. రైతు వానను కోరును. మేము దానిని ఓర్చుకొనవలసియుండును. ఆ ఓర్పునకు సాధనముగా బజారులో ‘రెయిన్ ప్యాంటు’ అను పేర అమ్మబడు వాన పంట్లామును గురించి నేడు కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ఇంత చిన్న వస్త్రమునకు ఒక ప్రసంగమా యని మీరు నవ్వవచ్చును. కాని దినమునకు ఆరేడు గంటలు సీటుపై కూర్చుండువానికి తడిబట్ట తొడల నడుమ ఒరసికొన్నచో చర్మము లేచిపోవును. మొదటినాటి ఒరపిడి రెండవనాటికి పుండగును. మూడవనాడు యాత్ర బస్సులో ముగియును. వదులుగా వ్రేలాడు అంచు గొలుసులో చిక్కినచో సైకిలుతో కూడ మనిషి రోడ్డుపై పడును. కనుక ఇది వేడుక ముచ్చట కాదు.

మాకు ఈ సంగతి బోధపడుటకు కొంత ధనము వ్యయమైనది. ఒకప్పుడు చలిదేశములవారికై కుట్టబడిన మిక్కిలి వెలగల పంట్లాము నొకదానిని కొంటిమి. నీరు లోనికి రాదనియు, చెమట ఆవిరియై వెలుపలికి పోవుననియు దాని చీటిపై వ్రాసియుండెను. శ్రావణమాసపు వానలో దానిని తొడిగి నాదెండ్లనుండి బయలుదేరితిమి. నరసరావుపేట చేరి విప్పి చూడగా లోపలి నిక్కరు పిండినచో నీరు కారుచుండెను. పంట్లాము చినిగినదేమో యని ఎంత వెదకినను చిల్లు కనబడలేదు. తుదకు తెలిసినదేమనగా, మమ్ము తడిపినది వాన కాదు, మా చెమటయే!

చీటి అబద్ధమాడలేదు. అది మన గాలికి వ్రాసిన చీటి కాదు, అంతే. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు బట్టల నడుమ రబ్బరు పూసి వానకోటునకు పేటెంటు పొందెను. అది వాననాపెను, చెమటను గూడ ఆపెను. 1969లో అమెరికాలో బాబ్ గోర్ ఒక ప్లాస్టిక్ పదార్థమును సాగదీసి, నీటిచుక్కకు ఇరుకై, ఆవిరికి దారి యిచ్చు సూక్ష్మరంధ్రముల పొరను కనుగొనెను. 1976 నుండి అట్టి బట్టలు అంగళ్ళకు వచ్చినవి. అయితే ఆ రంధ్రములు ఆవిరిని తమంతట తాము లాగి పారవేయవు. లోపలి ఆవిరి పీడనము హెచ్చుగాను, వెలుపలిది తక్కువగాను ఉన్నప్పుడు ఆ భేదమే ఆవిరిని బయటికి త్రోయును.

లెక్క చూడుడు. చెమటపట్టిన చర్మముచెంత గాలి 35 డిగ్రీల సెల్సియస్ వేడిమితో, తేమతో నిండియుండును. అచ్చట ఆవిరి పీడనము సుమారు 42 మిల్లీమీటర్ల పాదరసము. పది డిగ్రీల చలివానలో వెలుపలి పీడనము సుమారు 9 మాత్రమే, భేదము 33. మన వానకాలమున గాలి 27 డిగ్రీలు ఉండి తేమతో నిండినప్పుడు వెలుపలనే సుమారు 27 కలదు, భేదము 15. అనగా ఆవిరిని త్రోయు బలము సగమునకంటె తక్కువ. 2007లో 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిలు యాత్ర వానలోను, గాలిలోను సాగినది. అట్టిచోట చలియే శత్రువు గనుక వెచ్చని పంట్లాము ప్రాణమిత్రము. పల్నాటి శ్రావణమున శత్రువు ఉక్కపోత. శత్రువు మారినప్పుడు ఆయుధమును మార్చవలదా?

మనకు వానలు రెండు తెరగులు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి వాన. అది ఒక్కుమ్మడిగా కురిసి, వెలిసి, మరల ఎండ కాయును. ఈ వానకు మా సలహా ఒక్కటే: మోకాలివరకు వచ్చు పలుచని నైలాను నిక్కరు తొడిగి కాళ్ళను తడియనిండు. పంచెను మోకాలిపైకి ఎగగట్టి, తలపై ఎరువుల సంచిని కొప్పెరగా వేసికొని సైకిలు తొక్కు మన పెద్దలను చూడుడు. తల కప్పుకొనిరి, కాళ్ళు వదలివేసిరి. చర్మముకంటె త్వరగా ఆరు బట్ట లేదు. బరువైన నూలు పంట్లాము మాత్రము కూడదు. అది నీరు త్రాగి గంటలకొలది ఆరదు.

రెండవది అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతపు వాయుగుండముల వాన. దినమంతయు ముసురు, దానితో ఈదురుగాలి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి దినమున ఏ పంట్లామును రక్షింపదు. ఇల్లు కదలకుండుటయే వివేకము. హెచ్చరికలు తొలగిన పిదప మిగిలిన ముసురులోను, తెల్లవారుజాము ప్రయాణములోను, చిలకలూరిపేట చెంత జాతీయ రహదారిపై లారీలు చిమ్ము బురదనీటిలోను వాన పంట్లాము నిజముగా పనికివచ్చును. తడిసిన కాళ్ళకు గాలి తగిలి వణుకు పుట్టినప్పుడు దాని విలువ తెలియును.

ఇక ఎంపిక. మొదట చూడవలసినది నీటిని ఆపు శక్తి. చీటిపై 5,000 లేక 10,000 మిల్లీమీటర్లని యుండును. బట్టపై నిలిపిన నీటిస్తంభము ఎంత ఎత్తు వరకు కారకుండునో ఆ అంకె చెప్పును. కాళ్ళపై పడు వానకు తక్కువ అంకెయే చాలును. కాని సీటుపై నలువది కిలోల భారము రెండువందల చదరపు సెంటీమీటర్లపై పడినదనుకొనుడు. అది 2,000 మిల్లీమీటర్ల నీటిస్తంభమునకు సమానము. ఎముక ఒత్తుకొనుచోట మరింత ఎక్కువ. పైగా తొక్కునప్పటి రాపిడికి పూత అరుగును. కనుక 10,000 అంకె గలదానిని, అందును కూర్చుండు భాగమున కుట్టు రానిదానిని, లేక అచ్చట రెండవ పొర వేసినదానిని ఎంచుకొనవలెను. కుట్లన్నిటికి లోపల టేపు అంటించియుండవలెను. లేనిచో సూదిరంధ్రములే కాలువలగును.

రెండవది గాలి రాకపోకలు. బట్ట ఊపిరి తీయునను మాటను మన గాలిలో సగమే నమ్మవలెను. ప్రక్కల తెరచుకొను జిప్పులు, వదులైన తొడభాగము, పలుచని బట్ట – ఇవి ఏ పొరకంటెను మిన్న.

మూడవది కొలత. అంగడిలో నిలువబడి చూచుట చాలదు. మోకాలు మడచి కుర్చీపై కూర్చుండి చూడుడు. అంచు చీలమండ పైకి ఎగబ్రాకరాదు. నడుము వెనుక జారరాదు. చీలమండ వద్ద బిగించు పట్టీ తప్పక యుండవలెను. ముఖ్యముగా గొలుసువైపున, అనగా కుడికాలికి. బూట్లు విప్పకుండ తొడుగుటకు వీలుగా క్రిందిభాగమున పొడవైన జిప్పు కలది మేలు. రోడ్డుప్రక్క బురదలో ఒంటికాలిపై గంతులు వేయుట ఎవరికి ఇష్టము? చుడీదారుతో సైకిలు తొక్కు బాలికలకు పైదుస్తుల అంచు గూడ లోనికి ఇముడునంతటి వదులు కావలెను. పసుపువంటి మెరయు రంగును, వెలుగు తగిలిన మెరయు పట్టీలును ముసురులో లారీ నడుపువాని కంటికి మనలను చూపును.

ఇంటివద్ద ఒక పరీక్ష చేయవచ్చును. తడితువ్వాలు నొకదానిని కుర్చీపై పరచి, పొడి నూలు నిక్కరుపై వాన పంట్లాము తొడిగి పదునైదు నిమిషములు కూర్చుండుడు. నిక్కరు తడిసినచో ఆ పంట్లామును అంగడివానికి తిరిగి యిచ్చుటయే న్యాయము. అందుకై మొదటనే రసీదు అడిగి తీసికొనుడు.

పంట్లామునకు బదులు సైకిలు హ్యాండిలు వరకు పరచుకొను వాన ముసుగు కొందరికి ప్రియము. క్రిందినుండి గాలి ఆడును గనుక ఉక్క తక్కువ. చక్రములకు మంచి మడ్‌గార్డులున్నచో ఊరి రోడ్డుపై ఇది హాయి. కాని రహదారిపై లారీ దాటిపోవునప్పుడు ఆ ముసుగు తెరచాపయై సైకిలును ప్రక్కకు లాగును. ఈదురుగాలిలో దానిని వాడరాదు.

కొన్న పిమ్మట పోషణ గూడ కలదు. మన నల్లరేగడి బురద బట్టపై ఆరినచో ఉప్పుకాగితమువలె పూతను గీకును. రాత్రి బసలో మంచినీటితో కడిగి, నీడలో ఆరవేయవలెను. సబ్బు నురుగు మిగులరాదు. బట్టలను మెత్తపరచు ద్రవములు తగులరాదు. తడిగా మడిచి సంచిలో మరచినచో పూత జిగటయై పొరలుగా ఊడును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట తుదకు చెప్పెదము. సంచి అడుగున ప్లాస్టిక్ కవరులో కట్టిన ఒక పొడి నిక్కరు, ఒక పొడి చొక్కా ఉండవలెను. అవి బస చేరువరకు విప్పరాదు. పగలంతయు తడిసినవాడు రాత్రి పొడిబట్టలో నిద్రించినచో మరునాడు మరల సైకిలెక్కగలడు. పంట్లాము పని మనలను పొడిగా ఉంచుట కాదు. మరునాటి ప్రయాణమునకు మన ఒంటిని మిగుల్చుట. మీరు కొనబోవు పంట్లాము ఆ పని చేయునా యని అడిగి చూచుకొనుడు. చేయునన్నచో కొనుడు, వెండిపట్టీలను, విదేశీ పేర్లను చూచి మాత్రము కొనకుడు.

వాన మంచిగా కురియుగాక. మీ దారి క్షేమముగా సాగుగాక. సెలవు.