టీవీ తెర: గాజు గరాటు నుంచి పలుచని పలక దాకా



నేను ఉండేది ఢిల్లీని ఆనుకుని ఉన్న గాజియాబాద్‌లోని వైశాలిలో. పాత సామాన్లు కొనేవాళ్లను ఇక్కడ కబాడీవాలా అంటారు. ఈ మధ్య ఒక ఉదయం మా వీధిలో ఒక కబాడీవాలా పాత టీవీని రిక్షా మీదికి ఎక్కించడం చూశాను. ఇద్దరు పట్టుకుంటే గానీ అది లేవలేదు. అంతకు ముందు రోజే ఆ ఇంటికి కొత్త టీవీ వచ్చింది. దాన్ని ఒక కుర్రవాడు ఒక్కడే పట్టుకుని మెట్లెక్కాడు. కొత్తదాని తెర పాతదానికన్నా పెద్దది. మరి బరువు ఎందుకు తగ్గింది?

ఈ ప్రశ్న వెంట వెళితే టీవీ తెర చరిత్ర అంతా తెలుస్తుంది. ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. తెర మీద వెలుగును ఎలా పుట్టిస్తున్నామన్న దాన్నిబట్టే టీవీ ఆకారం, బరువు, చివరకు అది పాడయ్యాక మిగిలే చెత్త కూడా నిర్ణయమవుతాయి.

గాజు గరాటు

1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ కాథోడ్ కిరణ నాళాన్ని తయారు చేశాడు. మనం పిక్చర్ ట్యూబు అని పిలిచేది దాని సంతతే. ఒక పెద్ద గాజు గరాటును ఊహించుకోండి. సన్నని మెడలో ఎలక్ట్రాన్ గన్ ఉంటుంది. వెడల్పాటి ముఖానికి లోపలివైపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఎలక్ట్రాన్ల పుంజం తగిలిన చోట ఆ పూత వెలుగుతుంది. మెడ చుట్టూ ఉన్న రాగితీగ చుట్టలు అయస్కాంత క్షేత్రంతో పుంజాన్ని వంచి, తెరంతా గీతలు గీయిస్తాయి.

మన దేశంలో అనుసరించిన పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. గుణించి చూడండి. సెకనుకు 15,625 గీతలు! పుంజం ఒక క్షణంలో తాకేది ఒక్క చోటునే. అయినా మనకు నిండు బొమ్మ కనిపిస్తుందంటే అది మన కంటికి ఉన్న దృష్టి నిలకడ వల్లనే.

1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో దేశపు తొలి టీవీ ప్రసారం మొదలైనప్పుడు ఉన్నది ఈ ట్యూబే. 1975-76లో సైట్ ప్రయోగం కింద ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలు ఉపగ్రహం ద్వారా టీవీ చూశాయి. ఆ సెట్లను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. వాటిలోనూ ఇదే ట్యూబు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలు రంగుల్లో కనిపించాయి. ట్యూబులో ఒక పుంజానికి బదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు పుంజాలు వచ్చాయి. 

బరువు ఎందుకంటారా? ఎలక్ట్రాన్లకు గాలి అడ్డు రాకూడదు. అందుకని ట్యూబులో శూన్యం ఉంచాలి. అప్పుడు బయటి గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తెర మీద అది 1,200 కిలోలు! పలుచని గాజు దీన్ని తట్టుకోలేదు. పైగా వేల వోల్టుల వేగంతో వచ్చిన ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు కొద్దిగా ఎక్స్ కిరణాలు పుడతాయి. వాటిని ఆపడానికి గరాటు భాగపు గాజులో సీసం కలిపేవారు. ఈ సీసం సంగతి మరిచిపోకండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

లక్షల కిటికీలు

1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక వింత చూశాడు. ఒక పదార్థం సుమారు 145 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి మసకగా ఉండిపోయింది. 178 డిగ్రీల దగ్గర గానీ తేటపడలేదు. ద్రవంలా పారుతూ స్ఫటికంలా ప్రవర్తించే ఇలాంటి పదార్థాలే ద్రవ స్ఫటికాలు.

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనక దీపం ఉంటుంది. ముందు రెండు ధ్రువణ పలకలు, వాటి మధ్య ద్రవ స్ఫటికాలు ఉంటాయి. విద్యుత్తు ఇచ్చినప్పుడు అణువులు వాలు మార్చుకుని కాంతిని ఆపుతాయి లేదా పోనిస్తాయి. అంటే ప్రతి బిందువూ ఒక కిటికీ. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080, అంటే 20,73,600 బిందువులు. ఒక్కొక్క బిందువులో మూడు రంగులకు మూడు కిటికీలు. శూన్యం అక్కర్లేదు, మందపాటి గాజు అక్కర్లేదు. బరువు తగ్గిన రహస్యం ఇదే.

ఇందులో మన దేశం వాటా కూడా ఉంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు పళ్లెం ఆకారపు అణువులతోనూ ద్రవ స్ఫటికాలు ఏర్పడతాయని కనుగొన్నారు. ఎల్‌సీడీని పక్కనుంచి చూసినా బొమ్మ చెదరకుండా చేసే పొరల్లో తరువాత ఇలాంటి అణువులు ఉపయోగపడ్డాయి.

తొలి ఎల్‌సీడీ టీవీల్లో వెనక దీపాలు పాదరసం ఉన్న సన్నని ట్యూబులైట్లు. తరువాత వాటి స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. దుకాణాల్లో 'ఎల్‌ఈడీ టీవీ' అని అమ్మేది చాలావరకు ఎల్‌ఈడీ దీపం ఉన్న ఎల్‌సీడీయే. ఓఎల్‌ఈడీ తెర వేరు. అందులో ప్రతి బిందువూ తానే ఒక దీపం. ఆరిపోతే అక్కడ అసలైన నలుపే.

మీరే ఒక ప్రయోగం చేయండి. టీవీ తెర మీద తెల్లగా ఉన్న చోట భూతద్దం పెట్టి చూడండి. తెలుపు కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మాత్రమే కనిపిస్తాయి.

సీసం ఎక్కడికి పోయింది?

ఇప్పుడు కబాడీవాలా దగ్గరికి వద్దాం. ఈ టీవీని ఏం చేస్తారని అడిగాను. రాగి తీసుకుంటారు, ప్లాస్టిక్ అమ్ముతారు, గాజు పారేస్తారు అన్నాడు. ఆ గాజులోనే కదా సీసం ఉన్నది! ఒకప్పుడు మా గాజియాబాద్ ప్రాంతంలోనే సామ్‌టెల్ సంస్థ పిక్చర్ ట్యూబులు తయారు చేసేది. ట్యూబుల తయారీ సాగినన్నాళ్లు పాత గాజును కరిగించి కొత్త ట్యూబులకు వాడే వీలుండేది. తయారీ ఆగిపోయాక ఆ గాజుకు గిరాకీ పోయింది. ఇక్కడికి ఎంతో దూరం లేని సీలంపూర్ లాంటి చోట్ల పాత ఎలక్ట్రానిక్ సామాన్లను చేతులతో విప్పుతారు. పగిలిన గాజు ధూళిలోని సీసం మొదట చేరేది ఆ పని చేసేవాళ్ల ఒంట్లోకి. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత చేటో మీరు పాఠాల్లో చదివే ఉంటారు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత సామాను సక్రమంగా శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. కాబట్టి మీ అటక మీద పాత టీవీ ఉంటే రెండు పనులు చేయండి. దాని వెనక మూత విప్పకండి. ప్లగ్ తీసేసినా ట్యూబులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. రెండోది, దాన్ని అనుమతి పొందిన సేకరణ కేంద్రానికి చేర్చమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

కొత్త తెర కొనేటప్పుడు బొమ్మ ఎంత బాగుందో అందరం చూస్తాం. ఆ వెలుగు ఎలా పుడుతోంది, ఆరిపోయాక ఏం మిగులుతుంది అని కూడా అడగడం సైన్సు చదువుకునేవాళ్లు నేర్చుకోవాలి.